కాయిదం అడగని లోను

"ఇల్లు కట్టుకుంటనన్న గరీబోన్ని ఇగ ఎవడన్న కాయిదం అడిగిండంటే, వాడు నాకు జవాబు చెప్పాలె. మనిషి ముఖం చూడుండ్రి, లోను ఇయ్యుండ్రి. ముఖం కంటే పెద్ద కాయిదం ఈ దునియాల లేదు."

రాష్ట్ర గృహరుణ సరళీకరణ మండలి చైర్మన్ నరేందర్ గారు నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలులో ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు నేను నాలుగో వరసలో కూర్చుని ఉన్నాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైన వాణ్ణి, జీవితమంతా కాగితం తిని బతికిన వాణ్ణి. అలాంటి నా చేత కూడా చప్పట్లు కొట్టించిన ఉపన్యాసం అది.

మండలి గురించి తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. దీనికి లోను ఇచ్చే అధికారం లేదు. ఇప్పించే అధికారమూ లేదు. ఎవరైనా ఇస్తే ఆ సభకు అధ్యక్షత వహించే అధికారం మాత్రం సంపూర్ణంగా ఉంది. అందుకోసం ప్రభుత్వం చైర్మన్ గారికి ఒక కారు, ఆ కారు ముందు నడవడానికి ఇంకో కారు ఇచ్చింది.

నేను ఆ సభకు వెళ్లింది మా పక్కింటి సుష్మ కోసం. మాది ఎడపల్లి. సుష్మ బోధన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. భర్త రామ్‌దాస్‌కు ట్రాక్టర్ ఉంది, సీజన్‌లో చెరకు తోలుతాడు. అత్త సాయవ్వతో కలిపి ముగ్గురూ ఒక్క గదిలో అద్దెకుంటారు. ఉన్న బంగారం అమ్మి, సొంత జాగాలో గోడలు స్లాబు మట్టం దాకా లేపారు. స్లాబుకు డబ్బు చాలక సుఖనీడ హౌసింగ్ ఫైనాన్స్ అనే కంపెనీలో లోనుకు పెట్టుకున్నారు. జిల్లా మొత్తానికి దాని ఆఫీసు బోధన్‌లో ఒక్కటే. సాయవ్వ రోజూ పొద్దున ఆ గోడల మధ్యకు పోయి, తన మంచం వేయబోయే మూలలో కూర్చుని వచ్చేది. పైన ఆకాశం.

కంపెనీ మేనేజర్ భానుప్రసాద్ చాలా మర్యాదస్తుడు. ప్రతిసారీ మంచినీళ్లు ఇచ్చాకే కాగితం అడిగేవాడు. మొదట ఆధార్, పాన్, జీతం స్లిప్పులు, రిజిస్ట్రీ కాగితం, పంచాయతీ పర్మిషన్ అడిగాడు. సుష్మ ఇచ్చింది. రిజిస్ట్రీ కాగితంలో 'సుస్మ' అని, ఆధార్‌లో 'సుష్మ' అని ఉందని, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ అడిగాడు. అదీ ఇచ్చింది. ఈలోగా జీతం స్లిప్పులు పాతబడ్డాయని కొత్తవి అడిగాడు. కొత్తవి ఇచ్చేసరికి అఫిడవిట్ పాతబడింది. బోధన్‌కు ప్రతిసారీ నా స్కూటర్ మీదే తీసుకుపోయేవాణ్ణి. ఒక ఫైలు కళ్లముందు అలా పెరుగుతుంటే చూడడం నా వయసువాడికి మనవడు పెరుగుతుంటే చూసినట్టు ఉంటుంది.

తర్వాత ఇంటి పన్ను రసీదు అడిగారు. పంచాయతీకి పోయాం.

"కప్పు లేనిది ఇల్లెట్ల అయితదమ్మా? స్లాబ్ ఏసుకొని రా, పన్ను రాస్త" అన్నాడు కార్యదర్శి.

మళ్లీ భానుప్రసాద్ దగ్గరికి వచ్చాం.

"స్లాబ్ కోసమే గద సార్ లోన్ అడుగుతున్న" అంది సుష్మ.

"కరెక్టే మేడం. కానీ ఇల్లు లేకుండా ఇంటి లోన్ ఎట్ల ఇస్తం?" అన్నాడు. మంచినీళ్లు ఇచ్చాడు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పరిపాలన అంటే అదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే చైర్మన్ గారి సభ వచ్చింది. వేదిక మీద ఒక లబ్ధిదారు కావాలని మండలి అడిగితే, సుఖనీడ వాళ్లు సుష్మ పేరు పంపారు. అందరికంటే లావు ఫైలు ఆమెదే. భానుప్రసాద్ స్వయంగా ఫోన్ చేసి, "మంచి చీర కట్టుకొని రాండ్రి మేడం" అన్నాడు. ఇక పని అయిపోయినట్టేనని రామ్‌దాస్ సెంట్రింగ్ మేస్త్రీకి మాట కూడా ఇచ్చేశాడు.

ముఖం గురించి ముగించాక చైర్మన్ గారు సుష్మను పిలిచి, తలుపంత థర్మాకోల్ చెక్కు చేతిలో పెట్టారు. ఆమె ముఖం చెక్కు వెనక్కి పోయింది. ఫొటోలో చైర్మన్ గారి ముఖం మాత్రం బాగా వచ్చింది. కిందికి దిగగానే ఒక కార్యకర్త వచ్చి చెక్కు తీసుకున్నాడు.

"ఇది మాది గాదా అన్నా?" అని అడిగింది సుష్మ.

"మీదే అక్కా. రేపు కామారెడ్డిల ప్రోగ్రాం ఉన్నది, గందుకు తీస్కపోతున్నం" అన్నాడు.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. సాయవ్వ దాన్ని అద్దె గది గోడకు అంటించింది. మూడో రోజు సుఖనీడకు పోయాం. భానుప్రసాద్ ముఖం చిన్నబోయి ఉంది. టేబుల్ మీద అదే పేపరు ఉంది.

"మేడం, చిన్న ప్రాబ్లం. హైదరాబాద్ ఆఫీసోళ్లు ఈ ఫొటో చూసిండ్రు. మీకు ఆల్రెడీ లోన్ ముట్టినట్టు ఉన్నది. ఒక ఇంటికి రెండు లోన్లు ఇయ్యరు."

"ఆ చెక్కు థర్మాకోల్‌ది సార్. మీరే గద పిలిచిండ్రు."

"నాకు తెల్సు మేడం. హైదరాబాద్‌కు తెల్వది. లోన్ ముట్టలేదని మండలి నుంచి ఒక లెటర్ తెస్తే చాలు. ఇదే లాస్ట్ డాక్యుమెంట్."

ఒక కంపెనీ తన లోను ముట్టిందో లేదో పేపరు చదివి తెలుసుకోవడం పత్రికారంగానికి దక్కిన గౌరవంగా నేను భావిస్తున్నాను.

మండలి ఆఫీసు చుట్టూ తిరుగుతుండగానే వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున, రాత్రంతా కురిసిన వానకు పడమటి గోడ సగం కూలింది. సాయవ్వ పోయి తడిసిన ఇటుకలు ఏరి ఒక పక్కన పేర్చింది. రామ్‌దాస్ కాసేపు చూసి, ట్రాక్టర్ ఎక్కి ఎటో పోయాడు. ఆ వారమే సుఖనీడ నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఫొటోలు తీసుకుని, గోడ విలువ తగ్గింది కనుక కొత్త ఎస్టిమేట్ కావాలని చెప్పి పోయాడు. సుష్మ దానికి కూడా సరేనంది.

చివరికి చైర్మన్ గారు ఇంట్లో దొరికారు. అల్పాహారం చేస్తూనే ప్రజల్ని కలుసుకునే మనిషి ఆయన. విషయం అంతా విన్నారు.

"లోను ముట్టలేదని నేనే రాసియ్యాల్నా? మరి నేను ఇచ్చింది ఏందమ్మా?"

"థర్మాకోల్ సార్."

"అట్లంటే నేను అబద్ధం ఆడిన అని నేనే సంతకం పెట్టినట్టు గాదా?"

చైర్మన్ గారు ఇడ్లీ పక్కన పెట్టి నిజంగానే ఆలోచించారు. ఆయన కఠినుడు కాదు.

"ఒక పని చెయ్యి. ఐతారం బాల్కొండల మీటింగ్ ఉన్నది. పసుపు రైతులు మస్తుగ వస్తరు. నువ్వొచ్చి నాలుగు మంచి మాటలు మాట్లాడు. సోమవారం నేనే మేనేజర్‌కు ఫోన్ కొడ్త. లెటర్ గిటర్ ఏం వద్దు."

బయటికి వచ్చాక, "మంచి మాటలు ఏం జెప్పాలె కాకా?" అని అడిగింది.

"కృతజ్ఞతలు చెప్పు. ఎక్కడైనా చెల్లుతాయి" అన్నాను నా అనుభవంతో.

బాల్కొండ సభ భారీగా జరిగింది. చైర్మన్ గారు తన ముఖ సిద్ధాంతం మళ్లీ వివరించి, "మన బిడ్డ సుష్మ తన అనుభవం చెప్తది" అన్నారు. సుష్మ మైకు ముందుకు వచ్చింది. చేతిలో కాగితం ఏమీ లేదు.

"నా పేరు సుష్మ. నాకు లోన్ రాలేదు" అంది.

చైర్మన్ గారు చిరునవ్వు చెదరనివ్వలేదు. అది చాలా ఏళ్ల సాధన.

"ముఖం ఎవరూ చూస్తలేరు. నన్ను ముందు ఆధార్, పాన్ అడిగిండ్రు. జీతం స్లిప్పులు అడిగిండ్రు, అవి పాతగయినయని మల్ల అడిగిండ్రు. నేను నేనే అని అఫిడవిట్ అడిగిండ్రు. నాకు జాగ అమ్మినోళ్ల కాయిదం, వాళ్లకు అమ్మినోళ్ల కాయిదం అడిగిండ్రు. కప్పు లేని ఇంటికి పన్ను రసీదు అడిగిండ్రు. నా ఇంటి గోడ కూలింది. కూలినదానికి కూడ ఎస్టిమేట్ అడిగిండ్రు."

నాకు భయం వేసింది, ఈ అమ్మాయి పని చెడగొట్టుకుంటోందని. అప్పుడే మధ్య వరసల్లోంచి ఒక రైతు లేచాడు.

"బిడ్డా, జర మెల్లగ చెప్పు. రాసుకుంటున్నం."

చూస్తే నిజమే. సగం సభ ఫోన్లలో రాసుకుంటోంది. మిగతా సగం మీటింగ్ కరపత్రం వెనక రాసుకుంటోంది.

"అఫిడవిట్ తర్వాత ఏందక్కా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

సుష్మ మైకు పట్టుకుని కొంతసేపు వాళ్లవైపే చూసింది. తర్వాత మొదటి నుంచి మళ్లీ చెప్పింది, ఈసారి నిదానంగా. చివర్లో చప్పట్లు మోగాయి. చైర్మన్ గారు పరవశించి మైకు అందుకున్నారు.

"గిది అవగాహన అంటే. ఏ ఆఫీసర్ చెప్పిండు గింత సాఫ్‌గ? ఈ బిడ్డను ఇయ్యాల్టి నుంచి మన మండలికి జిల్లా అవగాహన కన్వీనర్‌గ నియమిస్తున్న" అని శాలువా కప్పారు. మర్నాడు పేపర్లో అదే పడింది.

ఇచ్చిన మాట ప్రకారం సోమవారం ఆయన మేనేజర్‌కు ఫోన్ కూడా చేశారు. మేము వెళ్లేసరికి భానుప్రసాద్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మంచినీళ్లకు బదులు కూల్‌డ్రింక్ తెప్పించాడు.

"కంగ్రాట్స్ మేడం. లెటర్ ఇగ అక్కర లేదు. ఫైల్ మొత్తం క్లియర్. కానీ ఇప్పుడు మీరు లీడర్ అయిండ్రు. మా కంపెనీల లీడర్లకు లోన్ ఇయ్యరు."

"ఎందుకియ్యరు?"

"వసూలు కాదని రూల్ మేడం. ఏమనుకోవద్దు."

"అయితే నేను రాజీనామ చేస్త."

"చెయ్యొచ్చు. రాజీనామ ఆమోదించినట్టు మండలి తీర్మానం తెస్తే సరిపోతది."

విచారిస్తే, తీర్మానం చేయాలంటే మండలికి సభ్యులుండాలి. ఇప్పటికి నియమించింది చైర్మన్ గారిని ఒక్కరినే. సభ్యుల ఎంపిక ప్రభుత్వ పరిశీలనలో ఉంది.

ఆ సాయంత్రం రామ్‌దాస్ విషయం విన్నాడు. "సాలు తీయ్" అన్నాడంతే. మర్నాడు ట్రాక్టర్ ట్రాలీ అమ్మేశాడు. ఆ డబ్బుతో గోడ మళ్లీ కట్టించి పైన రేకులు వేయించారు. వాన పడితే లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు. అయినా సాయవ్వ మంచం తన మూలకు చేరింది. చైర్మన్ గారు ఆ రేకుల ఇంటిని మండలి విజయాల్లో చేర్చుకున్నారని విన్నాను. చేర్చుకోదగ్గదే.

సుఖనీడలో ఉన్న రిజిస్ట్రీ కాగితం వెనక్కి తెచ్చుకోవడానికి చివరిసారి బోధన్ పోయాం. దానికోసం రెండు కాగితాలే అడిగారు. బయటికి వస్తుంటే వరండాలో చాలామంది బాల్కొండ రైతులు ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సుష్మను చూసి ఒక పెద్దాయన లేచాడు. సభలో మెల్లగా చెప్పమన్నది ఆయనే. పేరు చిన్నయ్య.

"నీ పుణ్యమా అని అన్నీ దెచ్చిన బిడ్డా. ఒక్కటి గూడ ఇడువలే. సూస్తవా?"

సుష్మ ఆయన ఫైలు తీసుకుని, వరండా అరుగు మీద కూర్చుని కాగితం కాగితం తిప్పి చూసింది. అన్నీ ఉన్నాయి. వరసలో ఉన్నాయి. ఫైలు తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"పెద్దయ్యా, ఒక్కటే మాట. వీళ్లు ఎన్ని కాయిదాలడిగినా ఇయ్యి. స్టేజీ మీదికి పిలిస్తే మాత్రం పోకు."

చిన్నయ్య కొంచెం సిగ్గుపడ్డాడు. భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"గట్లంటవేందమ్మా? ఐతారం ఆర్మూర్ల నన్నే పిలిచిండ్రు. మా కోడలు కొత్త అంగి గూడ కుట్టిచ్చింది."