ఉప్పునీటి రకం

గుల్లలపాలెం జనానికి మడచెట్టు జన్యువు ఎక్కించి రెండు వానాకాలాలు దాటినా, నాంచారికి ఒక్కదానికే అది ఇంకా పట్టలేదు.

మొదట ఆ జన్యువును వరిలో పెట్టారు. సముద్రపు పోటు కాలవలోకి ఎక్కి బోరింగులన్నీ ఉప్పుతేలిన ఊరది. ఉప్పు నేలలోనూ, నీటి ఎద్దడిలోనూ కొత్త వరి చక్కగా పండింది. కోసే మనుషులకే తాగడానికి నీళ్లు లేవు. మంచినీళ్ల పైపు వేయించమని అడిగితే, వరి ఇచ్చిన శాఖవారు అన్ని కోణాల్లోనూ పరిశీలించి, పైపు కన్నా జన్యువే చౌక అని తేల్చారు. వరికి పట్టింది మనిషికి పట్టదా అన్నారు. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

సూది వేశాక, మడాకుల మీద పేరుకున్నట్టే, జనం మోచేతుల మీదా చెవుల వెనకా తెల్లగా ఉప్పు పేరుకునేది. దులుపుకుని పనికి పోయేవారు. ఎండ ముదిరితే అరచేతులు ఆకుల్లా చుట్టుకునేవి. చెమట, కన్నీళ్లు నీటి వృథా కింద ఆగిపోయాయి.

నాంచారి ఒళ్లు మాత్రం నున్నగానే ఉండేది. విత్తనపు చేలో వేరే రకం మొక్క కనిపిస్తే కేళీ అంటారు, పీకేస్తారు. నాంచారి కూడా కేళీయే. శాఖవారు ఈసారి చేసే తనిఖీలోనూ జన్యువు పట్టలేదని తేలితే ఆమెను పీకి, ఎక్కడో మెట్ట ఊళ్లో నాటుతారు. తల్లీతండ్రీ లేని ఆ పిల్లకు పేరంటాలు మామ్మ ఒక్కతే దిక్కు. మామ్మ చూరు నుంచి కారే వాననీళ్లు బిందెలో పట్టి, గుట్టుగా తాగించి సాకుతోంది.

తనిఖీ అధికారి రానే వచ్చాడు. గడప ఎక్కినవారికి ముందు నీళ్లివ్వకుండా మాట మొదలుపెట్టరు ఆ ఊళ్లో. నాంచారి తలొంచుకునే గ్లాసు అందించింది. ఆయన ఒక్క గుక్క తాగి, భళుక్కున ఉమ్మేశాడు.

"ఏం నీళ్లమ్మాయ్ ఇవి!"

మామ్మ గబగబా ముందుకొచ్చింది. "ఏ బిందెలో ముంచావే?"

"వాననీళ్ల బిందెలోనే మామ్మా."

"నీ మొహం మండా! అవి నిన్ననే అయిపోయాయి. అంట్లకని బోరింగు నీళ్లు పోసి పెట్టాను."

అధికారి నాంచారి వైపు తిరిగాడు. "నువ్వూ తాగావా?"

"పొద్దుట్నించీ అవేనండీ."

"ఎలా ఉన్నాయి?"

"మంచినీళ్లలాగే ఉన్నాయండీ," అంది గొంతులోనే.

ఆయన ఆమె చెవి వెనక వేలితో రాసి, నిబంధన ప్రకారం నాలుకకు తాకించుకున్నాడు. "పట్టింది," అని ముంజేతి మీద ముద్ర వేశాడు. మామ్మ పిల్లను గుండెకు హత్తుకుంది. ఆనందానికి ఆమె కళ్లలోంచి రెండు ఉప్పురాళ్లు రాలాయి. వాటిని పారేయకుండా పప్పులో వేసింది. నాంచారికి మాత్రం ఒళ్లంతా తేలికైపోయింది.

"ఇక ఈ ఊళ్లో దాహం లేదు," అని రాసుకుని అధికారి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే పైపు వచ్చింది. వీధి మధ్య నుంచి, ఊరి చివర కట్టిన ఐసు ఫ్యాక్టరీకి. గోతులు తవ్వడానికి ఇంటికొకరు వెళ్లారు. తవ్వేవాళ్లకి ఎవరూ నీళ్లు మోసే పని లేదని మేస్త్రీ తెగ సంబరపడ్డాడు.

నాంచారి పైపుకి చెవి ఆనించింది. లోపల నీళ్లు గలగలమంటున్నాయి.

"ఇవన్నీ ఎవరికి మామ్మా?"

"రొయ్యలకే. మంచినీళ్ల ఐసులో పెట్టి పంపుతారంట."

"మన బోరింగు నీళ్లయితే?"

"పాడైపోవూ! పాపం, అవి తట్టుకోలేవుగా," అంది మామ్మ.

నిజమే అనిపించింది నాంచారికి. చెవికి అంటిన ఉప్పు దులుపుకుని, తట్టెడు మట్టి ఎత్తి పైపు మీద జాగ్రత్తగా పోసింది.