మంత్రిగారి తెల్ల తలుపు

"మా ఆఫీసు తలుపులు తెల్లగా ఉంటాయి. ఇవాళ తెల్లగా ఉంటాయి, ఎన్నికల దాకా తెల్లగా ఉంటాయి, ఆ తర్వాత కూడా తెల్లగానే ఉంటాయి" అని భవనాల శాఖ మంత్రిగారు పత్రికలవాళ్ళ ముందు ప్రకటించారు. అంతటి దూరదృష్టి ఆ శాఖలో అంతకుముందు ఎవరికీ కలగలేదు.

ఒక విలేకరి లేచి, "పాత ప్రభుత్వం వేసిందీ తెల్ల రంగే కదండీ. ఏడాది తిరక్కుండా పచ్చబడింది" అన్నాడు.

"అది వాళ్ళ గుణం. మా తలుపు పచ్చబడదు. పచ్చబడితే బాధ్యత మాది."

మంత్రిగారి వెనక, ఫొటోలో పడేంత దగ్గరగా ఇంజనీరు నిలబడి ఉన్నాడు. ఆ శాఖలో ఏళ్ళ తరబడి నలిగినవాడు కాబట్టి, ఆ బాధ్యత చివరికి ఎవరి నెత్తిన పడుతుందో అక్కడున్న అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది. బాధ్యత పడ్డ ప్రతిసారీ ఆయనకు బదిలీ అయింది.

ఇంట్లో ఆయన భార్య ఆమధ్యే కుట్టుషాపు పెట్టుకుంది. కత్తెర పక్కన పెట్టి, విషయమంతా విన్నది.

"మళ్ళీ బదిలీ అంటే మీరొక్కరే వెళ్ళండి. ఇప్పుడిప్పుడే నలుగురూ రావడం మొదలైంది. షాపు మూసుకుని నేను మాత్రం కదలను."

"తలుపు తెల్లగా ఉంటే ఎవరమూ కదలక్కర్లేదు."

"అయితే మంచి రంగు చూసి వేయించండి" అందామె.

ఇంత తేలిగ్గా తేలిపోతే ప్రభుత్వమెందుకు? కమిటీ వేశారు. వడపోతలన్నీ అయ్యాక రెండు డబ్బాలు మిగిలాయి. ఒకటి నీళ్ళలో కలిపే రంగు, రెండోది ఆయిల్ ఎనామెల్. నీళ్ళ రంగైతే పచ్చబడదని ఇంజనీరు చెప్పాడు. ఆయన చెబుతుండగానే మంత్రిగారు ఎనామెల్ వేసిన చెక్క మీదికి వంగారు. నిగనిగలాడే ఆ తెలుపులో తన ముఖం కనిపించింది. మీసం సర్దుకుని, కాసేపు అక్కడే ఉండిపోయారు.

"దీన్లో లోతుంది" అన్నారు.

"పరీక్ష పెడదాం సార్" అన్నాడు సలహాదారు. మంత్రిగారికి ఏం కావాలో మంత్రిగారికంటే ముందే తెలిసిన మనిషాయన. "మన పరీక్షని ఎవడూ వేలెత్తి చూపకూడదు. చెక్కలు రెండూ మిద్దె మీద పెట్టించండి. వేసవంతా మండుటెండలో మాడాలి."

ఆఫీసు తలుపు మిద్దె మీద ఉండదు కదా అని ఇంజనీరు నీళ్ళు నమిలాడు. అంతకంటే సులువైన పరీక్ష పెట్టి చెడ్డపేరు తెస్తావా అన్నట్టు సలహాదారు చూశాడు. వేసవి ముగిసేసరికి చెక్కలు రెండూ మల్లెపూవుల్లా ఉన్నాయి. ఎనామెల్‌లో ముఖం కూడా కనిపిస్తోంది కాబట్టి అదే నెగ్గింది. నిప్పులు చెరిగే ఎండకే లొంగని రంగు అని పత్రికలు రాశాయి.

మంత్రిగారి గది, ఎండ మొహం చూడని పొడవాటి వరండా చివర ఉంది. వానలు వెళ్ళేసరికి ఆ తలుపు పాత దిండు గలీబు రంగులోకి వచ్చింది. అదే డబ్బాలోంచి వేసిన క్యాంటీన్ తలుపు మాత్రం తళతళలాడుతోంది. ఇంజనీరు రంగుల కంపెనీలో కెమిస్టుగా పనిచేసే ఒకావిణ్ణి బతిమాలి తీసుకొచ్చాడు.

"ఆయిల్ రంగుకి వెలుతురు కావాలండీ. చీకట్లో ఉంటే పచ్చబడుతుంది" అందావిడ. "క్యాంటీన్ తలుపు పొద్దుటినించీ బార్లా తెరిచే ఉంటుంది. దీన్ని ఎప్పుడైనా తెరుస్తారా?"

"సారు వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు" అన్నాడు గుమ్మం దగ్గరి అటెండరు.

"పగలంతా తెరిచి ఉంచి, గదిలో కిటికీ పరదా తీసేయండి. కొన్నాళ్ళకి దానంతటదే తెల్లబడుతుంది."

ఇంజనీరు హమ్మయ్య అనుకున్నాడు. ఇంత చవకైన వైద్యం దొరికినందుకు మంత్రిగారు మెచ్చుకుంటారని కూడా ఆశపడ్డాడు, పాపం.

"పగలంతానా?" అన్నారు మంత్రిగారు. "జనం వచ్చేస్తారు కదయ్యా."

"పోనీ నీళ్ళ రంగు వేయిద్దాం సార్."

"అంటే మన కమిటీ పొరబడిందనా?" అన్నాడు సలహాదారు. "ఎండ రావాలి. జనం రాకూడదు. కమిటీ పరువు పోకూడదు. అలాంటి మార్గం చూడండి. లేకపోతే, మీకు తెలుసుగా."

ఆయనకి తెలుసు. అందుకే మార్గం చూశాడు. వారం తిరక్కుండా తలుపుని ద్వారబంధంతో సహా పెకలించి, ఆవరణ మధ్యలో, ఎండ బాగా తగిలే చోట సిమెంటు వేసి నిలబెట్టించాడు. వరండా చివర గోడ కట్టేశారు. మంత్రిగారి రాకపోకలకి వెనక మెట్లున్నాయి.

"ప్రజలు తలుపు దగ్గరికి రావడం పాత పద్ధతి. తలుపే ప్రజల దగ్గరికి రావడం మా పద్ధతి" అంటూ మంత్రిగారు రిబ్బను కత్తిరించారు.

తలుపు మళ్ళీ కళ్ళు చెదిరేలా తెల్లబడింది. పక్కన అటెండరు స్టూలు, ఎదురుగా జనానికి బెంచీలు. అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళు తలుపు తట్టేవారు. సారు మీటింగ్‌లో ఉన్నారని అటెండరు చెప్పేవాడు. చీకటి వరండాలో ఇన్నేళ్ళూ విన్న మాటే అయినా, ఇక్కడ గాలి బాగా వస్తోందని ఒక పెద్దాయన సంతోషించాడు.

ఇంజనీరుకి దండ వేసి, ప్రమోషనిచ్చారు. అంత నైపుణ్యం ఒక్కచోటే ఉండిపోవడం భావ్యం కాదని, ఎక్కడో మూలనున్న ఊరికి బదిలీ కూడా చేశారు.

ఆ సంగతి చెబితే భార్య ఆయన పెట్టె ఒక్కటే దించి ముందు పెట్టింది. మళ్ళీ మిషను తొక్కసాగింది. తిట్టినా ఆయనకి అంత భయం వేసేది కాదు. మర్నాడు పొద్దున్నే మంత్రిగారి కాళ్ళయినా పట్టుకుందామని వెనక మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఇటు మంత్రిగారొక్కరే సార్. కలవాలంటే ముందు తలుపు నుంచి రావాలి" అన్నాడు కాపలావాడు.

ఇంజనీరు ఆవరణలోకి వచ్చి వరసలో నిలబడ్డాడు. తలుపు వెనక అటెండరు సైకిలు ఆనించి ఉంది. దాని అవతల మళ్ళీ ఆవరణే. ఆయన వంతు వచ్చింది. చెమట తుడుచుకుని, చొక్కా సర్దుకుని, రెండు వేళ్ళతో నెమ్మదిగా తట్టాడు.

"మీటింగ్‌లో ఉన్నారు సార్" అన్నాడు అటెండరు.

ఇంజనీరు గొంతు తగ్గించి, "చాలాసేపు పడుతుందంటావా?" అని అడిగాడు.