ఆషాఢం ఆఖరి పాస్తా

ఆశ చెడ్డది మిత్రులారా. అందులోనూ రొయ్యల మీది ఆశ మరీ చెడ్డది.

తెల్లవారితే శ్రావణమాసం. మా ఇంట శ్రావణమంటే నెల్లాళ్లు నీచు నిషిద్ధం. ఆర్నెల్లుండడానికి అమెరికాలో మా ఊరు ప్లేనోకి వచ్చిన మా అత్తగారు అనంతలక్ష్మి గారిది భీమవరం. ఆషాఢంలో రొయ్య కనిపిస్తే రెండు ముద్దలు ఎక్కువ తింటారు. శ్రావణంలో రొయ్య పేరైనా ఎత్తరు. అందుకే ఆ చివరి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రెండు పౌన్ల రొయ్యలు, ఒక డబ్బా క్రీమ్, ఒక పాస్తా పొట్లం మోసుకొచ్చాను.

"ఇవాళ డిన్నర్ నాది. క్రీమీ, స్పైసీ రొయ్యల పాస్తా. ట్వంటీ మినిట్స్!"

మా ఆవిడ దమయంతి లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "గిన్నెలు?"

"అవీ నేనే తోముతా."

"అమ్మా, విన్నావుగా? నువ్వే సాక్షి."

దమయంతిని కట్టుకున్నవాడికి నలపాకం అబ్బకపోతుందా అని నా ధీమా.

వెల్లుల్లి వేగింది. రొయ్య ఎర్రబడింది. గుంటూరు కారం గుప్పుమంది. క్రీమ్ పోస్తే మూకుడు నిండా వెన్నెల కాసింది. అక్కడితో ఆగితే నేను చక్రధర్‌ని ఎలా అవుతాను? పులుపు లేని రొయ్యల కూర బుద్ధెరిగాక తినలేదు. నిమ్మకాయంత చింతపండు పిసికి, చిక్కటి రసం తీసి, నిబ్బరంగా పోశాను.

వెన్నెల విరిగింది. నీళ్లొక పక్క, ముద్దలొక పక్క. నడుమ రొయ్యలు బిక్కుబిక్కుమంటూ.

అత్తగారు తొంగిచూశారు. "పనీర్ చేస్తున్నారా, అల్లుడు గారూ?"

"ఇటలీలో ఇలాగే చేస్తారండి, అత్తయ్య గారూ."

"పాపం, ఎలా తింటున్నారో!"

అంతలో కారం ఘాటుకు పొగ అలారం పెడబొబ్బలు పెట్టింది. దమయంతి తువ్వాలుతో దానికి వింజామర వీస్తూ నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక కొత్త క్రీమ్ కోసం కారెక్కాను. తిరిగొచ్చేసరికి పొయ్యి మీద మరిచిన పాస్తా ఉడికి ఉడికి పిండి ముద్దయింది. మళ్లీ నీళ్లు, మళ్లీ పాస్తా. రొయ్యలకు మాత్రం స్నానం చేయించి, కొత్త క్రీమ్‌లో దించాను.

ఎట్టకేలకు మూడు ప్లేట్లలో వంట పొగలు కక్కింది. ఫోర్కు ఎత్తాను. ఫోను మోగింది. భీమవరం నుంచి అత్తగారి చెల్లెలు ఉమామహేశ్వరి గారు.

"అక్కా, ఇక్కడ తెల్లారింది. శ్రావణం వచ్చేసిందే! తలంటుకుని దీపం కూడా పెట్టేశా."

అత్తగారి చెయ్యి ఆగింది.

"అత్తయ్య గారూ, కిటికీలోంచి చూడండి! మనకింకా పొద్దే గుంకలేదు. మనది ఇంకా ఆషాఢమే!"

ఆవిడ చూశారు. టెక్సాస్ సూర్యుడు ఎదురింటి గరాజ్ మీద ఎర్రగా కూర్చుని ఉన్నాడు.

"నిజమేలే బాబూ. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి సూర్యుడే." ఆవిడ రొయ్యను నోట్లో వేసుకున్నారు.

నేనూ నోరు తెరిచాను. నా ప్లేటు పక్కకు జరిగింది.

"ఆ సూర్యుడు అమ్మకీ నాకూనండీ. మీకు కాదు," అంది దమయంతి.

"అదేమిటి?"

"ఉగాది పొద్దున పచ్చడి ఇస్తే ఏమన్నారు? 'పండగలన్నీ ఇండియా టైమే. అక్కడ ఉగాది అయిపోవచ్చింది, ఇప్పుడు వేపపువ్వు మింగినా ఫలం లేదు' అనలేదూ?"

"అది... ఆ రోజు మీటింగ్..."

"అమ్మా, ఈయన మాట మీద నిలబడే మనిషి. మనం చెడగొట్టకూడదు."

నా ముందుకు పెరుగన్నం వచ్చింది, పక్కన మాగాయ ముక్కతో. ఎదుట తల్లీకూతుళ్లు నా పాస్తాను మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ, నా ప్లేటు కూడా పంచుకున్నారు.

అత్తగారు తన గదిలోకి వెళ్లాక సింకు ముందు నిలబడి మూకుడు తోముతున్నాను. వెనక నుంచి ఒక ఫోర్కు వచ్చింది. దాని కొసన, దాచి ఉంచిన ఒకే ఒక్క రొయ్య.

"ఇది ఏ టైము ప్రకారం?" అన్నాను బింకంగా.

"నా టైము ప్రకారం. వచ్చే ఉగాదికి రెండు చెంచాల పచ్చడి తినాలి. ఊ, నోరు తెరవండి."

తెరిచాను మిత్రులారా. రొయ్యకు కాస్త పులుపు తగ్గింది. ఆ మాట మాత్రం పైకి అనలేదు.