లంకలో ఏనుగుల సదస్సు

ఒక పెద్ద అడవి ఉండేది. పెద్దది కాబట్టి దానికొక మహాసభ ఉండేది, ఆ మహాసభకి దిగ్గజరావు అనే ఏనుగు అధ్యక్షుడు. అడవిలోంచి పారే ఏరు సముద్రంలో కలిసే చోట ఒక చిన్న లంక కూడా ఉండేది. చిన్నది కాబట్టి దానికి నీళ్ళు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు.

నీళ్ళెందుకు వస్తాయో అందరికీ తెలుసు. ఎగువ కొండ మీద ఏనుగులు చెట్లు కూలుస్తాయి. తినడానికి కాదు, ఎవరు ఎక్కువ కూలిస్తే వాళ్ళు గొప్ప. కొండ బోడిగా తయారయ్యాక వాననీరు ఎక్కడా ఆగకుండా నేరుగా లంక మీదికే వచ్చిపడుతోంది. అదే వేళకి సముద్రం పోటు మీద ఉంటే, లంకలో కుందేళ్ళు పిల్లల్ని నోట కరుచుకుని పరుగెత్తాల్సిందే.

లంక మొత్తానికి ఒకటే దిబ్బ. దాని నిండా కుందేళ్ళ బొరియలు. వాటికి పెద్దదిక్కు వరాలమ్మ అనే ముసలి కుందేలు. మూడేళ్ళ కిందటి వానాకాలంలో కింది వరుస బొరియలు కొట్టుకుపోయాయి. నీరు ఇంకొక్క మూర పెరిగితే పై వరుస కూడా పోతుంది, ఆ వరుసలోనే పసికూనలు ఉన్నాయి.

అందుకే వరాలమ్మ మూడేళ్ళుగా మహాసభకి ఒకటే అర్జీ పట్టుకుని తిరుగుతోంది.

"అయ్యా, మాకు పెద్ద కోరికలేం లేవండి. నాలుగేనుగులొచ్చి ఒక్క పూట బురద ఎత్తి దిబ్బ మీద పోస్తే చాలండి. మా పిల్లలు బతుకుతారు."

దిగ్గజరావు కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, పాపం ఆయనది జాలిగుండె. "లంక బాధ మా బాధ" అన్నాడు. సభంతా బల్లలు చరిచింది. ఆ బల్లలు కూడా కొండ మీది చెట్లవే.

మొదటి ఏడు సంఘం వేశారు. రెండో ఏడు నిపుణుణ్ణి పంపారు. ఆయన పేరు ఏకపాదం, జాతికి కొంగ. మండువేసవిలో వచ్చి, ఒంటికాలి మీద నిలబడి లంకంతా పరికించి, తప్పు నీళ్ళది కాదు, కుందేళ్ళ కాళ్ళదని తేల్చాడు. కాళ్ళు పొడుగ్గా ఉంటే మునగవట. మూడో ఏడు అందుకు శిక్షణ ఇచ్చారు. పది రోజులపాటు కుందేళ్ళన్నీ ఏటి ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డాయి. పడిపోకుండా నిలబడ్డవాటికి పచ్చని ఆకు మీద రాసిన ధ్రువపత్రం ఇచ్చారు. ఆకలి మీద ఉన్నాయేమో, సాయంత్రానికల్లా వాటిని తినేశాయి.

మూడేళ్ళు తిరిగాక వరాలమ్మకి ఒక సంగతి అర్థమైంది. బురద మాట ఎత్తితే సభలో కుర్చీలు ఖాళీ అవుతాయి. ఫలహారం గంట కొడితే నిలబడ్డానికి చోటుండదు.

నాలుగో ఏడు ఆమె అర్జీ పెట్టలేదు. ఆహ్వానం పంపింది. "మా కష్టం మీద మా లంకలోనే సదస్సు జరపండి. భాద్రపదంలో మూడు రోజులు. కడుపునిండా తాటిపండ్లు మా పూచీ."

ఆ మూడో రోజు అమావాస్య. ఆ పొద్దుట సముద్రం పెద్దపోటు మీద ఉంటుంది. కొండ మీదివాళ్ళకి తిథి చూసుకునే అవసరం ఏనాడూ రాలేదు కాబట్టి ఒక్కరూ లెక్క చూసుకోలేదు.

"అక్కా, పెద్దపోటుకి వాళ్ళని పిలిచావా?" అన్నాడు పోలయ్య. పోలయ్య లంకలో పీతల పెద్ద.

"పాదాలు తడిస్తే తెలుస్తుంది తమ్ముడూ. పాదాల దాకానేలే. మన మడచెట్లు ఉన్నాయిగా" అంది వరాలమ్మ.

సముద్రం వైపు బారుగా నిలబడి అలల్ని విరిచేవి ఆ మడచెట్లే.

ఏరు మోకాలి లోతున్న వేళ చూసుకుని ప్రతినిధులు నడిచి వచ్చారు. పది ఏనుగులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు. వరాలమ్మ తాటిపండ్లు ఏరించి వచ్చేసరికి సభకి పందిరి లేచి ఉంది. మడచెట్లకి మొదళ్ళు మాత్రం మిగిలాయి.

"అయ్యా, సముద్రాన్ని ఆపేవి ఆ చెట్లేనండి!"

"ఆ విషయమే చర్చించబోతున్నామమ్మా" అన్నాడు దిగ్గజరావు అనునయంగా. "పందిరి లేకుండా చర్చ ఎలా?"

వరాలమ్మ ఆ మొదళ్ళ కేసి చూసింది. పిలిచింది తనే. తిథి పెట్టింది తనే. ఇప్పుడు వచ్చే నీరు పాదాల దగ్గర ఆగదు. ఆ రెండు రోజులూ ఆమెకి మేత సహించలేదు.

మూడో రోజు పొద్దుట దిగ్గజరావు 'తక్షణ కర్తవ్యం' మీద రెండో గంట మాట్లాడుతున్నాడు. బొరియల్లోంచి పీతలు బయటికొచ్చి పందిరి గుంజలు ఎక్కడం మొదలుపెట్టాయి. లంకలో అదే దండోరా. పీత పైకెక్కిందంటే నీరు వెనకాలే వస్తుంది. గుంజ దొరకని పీతలు అధ్యక్షుల వారి కాలే ఎక్కేశాయి.

"అయ్యా, నీళ్ళొస్తున్నాయండి" అంది వరాలమ్మ లేచి.

"ప్రశ్నలు చివర్లో" అన్నాడు అధ్యక్షుడి పక్కనే ఒంటికాలి మీద నిలబడ్డ ఏకపాదం.

నీళ్ళు చివరిదాకా ఆగలేదు. అడ్డం లేని సముద్రం పందిట్లోకి నడిచొచ్చింది. ప్రసంగ పత్రాలు తేలాయి, పందిరి ఒరిగింది. ఏకపాదం ఎగిరిపోయాడు, ఆయన నివేదికలో రెక్కల ప్రస్తావన ఎక్కడా లేదు. ఏరు దాటి పారిపోదామంటే నీరు ఎదురు తంతోంది. పది ఏనుగులూ కంటికి కనిపించిన ఒకే ఒక్క దిబ్బ మీదికి ఉరికాయి.

దిబ్బ లోపల కూనలున్నాయి. ఒక్క ఏనుగు కాలు పెట్టినా బొరియలన్నీ కూలిపోతాయి.

వరాలమ్మ వెళ్ళి దిగ్గజరావు ముందు నిలబడింది. ఆయన కాలిగోరంత ఉంటుంది.

"ఆగండయ్యా. ఇది బోలు దిబ్బ. ఎక్కారంటే కుంగిపోతుంది, మీరూ మేమూ కలిసే మునుగుతాం. బతకాలనుంటే చుట్టూ నిలబడి బురద ఎత్తండి. గట్టు లేస్తే ఆ గట్టు మీద నిలబడొచ్చు."

"సభ తీర్మానం లేకుండా ఎలా..." అని నసిగాడు దిగ్గజరావు. అప్పటికి నీరు ఆయన పొట్ట తాకింది. ఆ చలికి తీర్మానం దానంతటదే ఆమోదం పొందింది.

పది తొండాలు బురదలోకి దిగాయి. దున్నలు కొమ్ములతో పెళ్ళగించాయి, ఎలుగులు దోసిళ్ళతో మెత్తాయి. కొట్టిన మడచెట్లు పందిరిలోంచి పీకి అడ్డంగా పాతారు. మూడేళ్ళలో కదలని పని మధ్యాహ్నం లోపే అయిపోయింది. దిబ్బ చుట్టూ నిలువెత్తు గట్టు లేచింది. నీరు దాన్ని నాలుగుసార్లు నాకి, వెనక్కి తీసింది. వరాలమ్మ బొరియలోకి దూరి కూనల్ని ఒక్కొక్కటే తడిమి చూసుకుని, అప్పుడు ఏడ్చింది.

నీరు తీశాక ఏకపాదం తిరిగొచ్చి నివేదిక రాశాడు. ఒంటికాలి శిక్షణ వల్లే లంక బతికిందని అందులో ఉంది. దిగ్గజరావుకి పూలదండ వేశారు. ఆ విజయానికి గుర్తుగా కొండ మీద ద్వారం కట్టాలని ఇంకో రెండొందల చెట్లు కూల్చారు.

ఆ వార్త వచ్చేసరికి వరాలమ్మ, పోలయ్య ఒడ్డున మడమొక్కలు నాటుతున్నారు.

"రెండొందలా? అయితే వచ్చే ఏటికి గట్టు ఇంకో మూర ఎత్తు కావాలి తమ్ముడూ" అంది వరాలమ్మ. చేతులు కడుక్కుని వచ్చే భాద్రపదానికి ఆహ్వానం రాయడానికి కూర్చుంది. ఈసారి చివర్న ఒక్క ముక్క చేర్చింది. "పందిరి మేమే వేస్తాం."

నీతి: సాయం కావాలంటే మునుగుతున్నామని చెప్పకండి, భోజనానికి పిలిచి వాళ్ళని కూడా కాస్త మునగనివ్వండి.