నాలుగు వేల తప్పుల పట్టిక

అనంతరాములు నాందేడ్ రైల్వే షెడ్డులో ముప్పై ఏళ్లు వ్యాగన్లు బాగుచేసి రిటైరయ్యాడు. మీసం మెలేసి చెప్పుకోవడానికి ఆయనకు రెండు సంగతులున్నాయి. ఒకటి, షెడ్డులోని తప్పుల రిజిస్టర్లోకి తన పేరు ఏనాడూ ఎక్కలేదు. రెండు, కూతురు సింధు ఇంటినుంచే పుణె కంపెనీకి సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తుంది. ఆ సాఫ్ట్‌వేరూ తప్పుల రిజిస్టరే. ఏ ప్రోగ్రాములో లోపం దొరికినా అందులో ఒక వరుసగా చేరుతుంది.

ఆ ఉదయం ఆయన కూరగాయల సంచీ అందుకున్నాడో లేదో, సింధు పిలిచింది.

"బాపూ, తానం చేసొస్త. తెర ఆరిపోకుంట జర ఈ మౌస్ చక్రం తిప్పుకుంట కూసో. పదకొండింటికి మీటింగుంది. నేను పట్టిన లోపం ఒకటి, లోపమే కాదని రెండుసార్లు కొట్టేసిండ్రు. ఇయ్యాల తేలిపోవాలె."

ఆయన తిప్పాడు. పట్టిక కిందికి పోతూనే ఉంది. పైన గడుల పేర్లు ఎప్పుడో మాయమయ్యాయి. వెయ్యో వరుసలో ఒక తప్పు, పక్కన సింధు పేరు. నాలుగు వేలవ వరుసలో ఇంకో తప్పు, పక్కన మళ్లీ సింధే! షెడ్డు రిజిస్టర్లో తప్పు పక్కన రాసేది అది చేసినవాడి పేరే. ఆయన మౌస్ వదిలేసి వంటింట్లో ఉన్న భార్య దగ్గరికి పరుగెత్తాడు.

"దమయంతీ! కొంప మునిగిందే! మన పిల్ల నాలుగు వేల తప్పులు చేసిందే!"

దమయంతి కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింటి లీలాబాయి గోడమీదుగా విని, దిష్టి తగిలిందని తేల్చేసి, బిలోలిలో ఉన్న దమయంతి చెల్లెలు చంద్రభాగకు ఫోన్ చేసింది. ఆమె సంచీడు నిమ్మకాయలతో బస్సెక్కింది. పది దాటేసరికి వీధిలో నాలుగు వేలు కాస్తా నలభై వేలయ్యాయి. ఇదేమీ తెలియని సింధు పదకొండింటికి తలుపు వేసుకుని మీటింగులో కూర్చుంది.

మేనేజరు రోషన్‌ది నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్. తెలుగు బాగానే వచ్చు. "కిందికి జరిపితే మీది పేర్లు కనబడయి, నిజమే సింధూ. గంత మాత్రానికే తప్పుగ సదివేటోళ్లు ఎవలున్నరు? కొట్టేస్తున్న" అన్నాడు తెర మీదినుంచి.

అంతలో తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కాతో, జోడించిన చేతులతో అనంతరాములు!

"సాబ్, పిల్ల తెల్వక చేసింది. ఆ నాలుగు వేల తప్పులు నేనే దగ్గర కూసొని దిద్దిపిస్త. కొలువు మాత్రం తియ్యకుండ్రి."

"బాపూ! అవి నేను చేసినయి కావు, పట్టినయి!"

"గట్లని ఏడ రాసున్నది?"

"మీద 'పట్టినవాళ్లు' అని రాసున్నది. కిందికొస్తే కనబడది. రెండు నెలల సంది నేను మొత్తుకునేది గదే!"

తెర మీద రోషన్ కొట్టేసిన లోపాన్ని మళ్లీ తెరిచాడు. "కాకా, ఇది లోపమే. ఇప్పుడే రాస్తున్న. సింధు చెప్పింది, మీరు రుజువు చేసిండ్రు. మీ పేరు గూడ పెడుత" అన్నాడు.

సింధు తండ్రిని గట్టిగా పట్టుకుంది. ఆయనకు తన పేరు సంగతి చెవికెక్కనే లేదు. "నాలుగు వేలు పట్టినవా బిడ్డా!" అంటూ కళ్లు తుడుచుకుని వీధిలోకి నడిచాడు. బస్సు దిగివచ్చిన చంద్రభాగ నిమ్మకాయలన్నీ షర్బత్తుకు పోయాయి. గ్లాసు అందుకున్న ప్రతివాడూ నాలుగు వేల సంగతి మొదటినుంచీ వినాల్సి వచ్చింది.

ముప్పై ఏళ్ల సర్వీసులో తప్పుల రిజిస్టర్లోకి ఎక్కని అనంతరాములు పేరు, రిటైరయ్యాక ఎక్కింది. ఆ వరుసను కాగితం మీద అచ్చు తీయించి ఆయన ఫ్రేము కట్టించాడు.