అరుణకుమారి కొట్టిన ఒక్క పాయింటు

స్వస్తి! తూర్పున నల్లమల కొండలు నీలిప్రాకారములై నిలువగా, ఉలిదెబ్బల నాదముతో వీధులన్నియు మార్మోగు ఆళ్లగడ్డ పట్టణమున, క్రీస్తుశకము వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభైరెండవ సంవత్సర శ్రావణమాసమున, సాయంకాలము నాలుగున్నరకు, హైస్కూలు మైదానమను రణరంగమున జరిగిన ఘోరసంగ్రామము చెప్పెద, చెవియొగ్గి వినుడు.

జయరాజు మాస్టారి ఏకైక పుత్రిక, బెల్లపు ఓళిగల భక్షణధురంధర, పదిహేనేండ్ల అరుణకుమారి నాలుగు మెట్లెక్కినంతనే రొప్పుచుండెను. నంద్యాల డాక్టరు రక్తపరీక్ష కాగితము చూచి, "చక్కెర గీత దాటలేదు గానీ, గీత మిందనే కూచోనుంది సార్. మందొద్దు. దినామూ ఆడించండి" అని శాసించెను. చక్కెర జబ్బుతో కాలు పోగొట్టుకొన్న మేనత్త జీవమ్మ ఆ క్షణమున తండ్రీకూతుళ్లిద్దరి కన్నుల ముందును మెదలెను.

నాటినుండి పన్నెండు దినములు టెన్నికాయిట్ అను రబ్బరు రింగుల యుద్ధము. పన్నెండు దినములును ఇరవయ్యొకటికి సున్నా!

పదమూడవనాడు అవ్వ బాలమ్మ గడప కడ్డముగా నిలిచెను. "ఆడపిల్లకు ఆ ఎగురుళ్లేంది? బిడ్డ చిక్కి సగమైపోతాంది!"

"అవ్వా! నల్లమల నడిచొచ్చి అడ్డం పడినా సరే, ఈ పొద్దు ఒక్క పాయింటన్నా కొట్టందే ఇల్లు తొక్కను. జరుగు!"

ప్రత్యర్థి సామాన్యురాలా? శిల్పి రంగయ్య కూతురు, తోటి విద్యార్థిని, విద్యుల్లతాసదృశ, ఉమామహేశ్వరమ్మ! ఆమె విసరిన రింగు వజ్రాయుధమై కుడిఎడమల పడుచుండ, ఇరవైకి సున్నా అయ్యెను.

"చాలు మే. నీకు ఆయాసమొస్తాండాది. పోదాం పా," అనెను ఉమామహేశ్వరమ్మ.

"రానీ! ఆయాసం వస్తాది, పోతాది. అరుణకుమారి యాడికీ పోదు. వెయ్ మే!"

వచ్చెను రింగు, ఎడమ మూలకు. స్వేదధారాభిషిక్తయై, జడ విడివడ, చెప్పు తెగ, భూమి యదర ఉరికి, ఆ వీరకన్య దానిని వేలికొసలతో పట్టి వెంటనే విసరెను. రింగు వల పైయంచును తాకి, అటా ఇటా యని ఊగిసలాడి, సకల దిక్కులును ఊపిరి బిగబట్టగా, అవతల పడెను!

కంచె దగ్గర సైకిలు పట్టుకొని ఆట చూచుచున్న జయరాజు చప్పట్లు కొట్టుటకై రెండు చేతులును వదలగా సైకిలు ధడేలున కూలెను. ఆయన గమనింపలేదు.

మరుక్షణమే తరువాతి రింగు అరుణకుమారి చేజారి నేలపాలై ఆట ముగిసెను. ఉమామహేశ్వరమ్మ వల కిందుగా దూరివచ్చి స్నేహితురాలిని కౌగిలించి, "రేపు రెండు కొడతావా?" అనెను.

"మూడు," అని రొప్పుచు పలికెను అరుణకుమారి. రొప్పెనే కాని, కూచోలేదు.

దిక్కులారా, వినుడు! ఇరవయ్యొకటికి ఒకటి! జయము, జయము!