గోరంత గడుల్లో పెళ్లి

ఆదివారం పొద్దున్నే డ్రాయింగు మాస్టారు బకెట్టులో బ్లీచింగు నీళ్లు కలిపి, అటక మీద దొరికిన పాత సినిమా రీలును అందులో ముంచేశారు. పాత బొమ్మలన్నీ కరిగిపోతే ఖాళీ ఫిల్ము మీద తానే రంగులతో కొత్త బొమ్మలు గీయాలని ఆయన పథకం. కెమెరా ముట్టకుండా సినిమా తీస్తానని ఫిల్ము క్లబ్బులో అందరి ముందూ మాట ఇచ్చేశారు. మూలన పడి ఉన్న ప్రొజెక్టరును బాగు చేయించమని బావమరిదికి అప్పగించారు కూడా.

"కెమెరా లేకుండా సినిమా ఏమిటండీ, పొయ్యి లేకుండా వంటలాగా!" అంది భార్య.

"కళంటే అదేనోయ్."

"సరే, ఆ కళేదో తొందరగా కానిచ్చి బకెట్టు ఖాళీ చేయండి. బట్టలు నానబెట్టాలి."

అద్దంలా తేటబడ్డ ఫిల్మును మాస్టారు దండెం మీద ఆరేస్తుండగా బావమరిది ఫోను చేశాడు.

"బావా, ప్రొజెక్టరు బ్రహ్మాండంగా తిరుగుతోంది! సాయంత్రం తెస్తా, అక్క పెళ్లి సినిమా వేద్దాం. రీలు మీ అటక మీదే నీలం డబ్బాలో ఉందట. ఇన్నాళ్లకి మాటల్లో అమ్మ నోరు జారింది."

మాస్టారు బాత్రూము వైపు చూశారు. ఇందాక రీలు తీసేసి సబ్బు పెట్టుకున్న డబ్బా నీలంగా ఉంది. పెళ్లి రీలు అత్తగారింట్లోనే ఉందని ఆయన ఇన్నేళ్లూ అనుకుంటున్నారు. ఆ రీలు కోసం భార్య కలవరించని ఏడాది లేదు. పోయిన తండ్రి నవ్వు అందులో ఉంటుందని ఆవిడ ఆశ. ఆ నవ్వునే మాస్టారు బకెట్టులో కలిపేశారు.

ఇక చేసేదేమీ లేక గదిలో దూరి గడియ పెట్టుకున్నారు. భూతద్దం, సన్నని కుంచె పట్టుకుని ఆ ఖాళీ ఫిల్ము మీది గోరంత గడుల్లో పెళ్లి మొదలుపెట్టారు. ఇంతలో అత్తగారు రొప్పుకుంటూ దిగారు.

"అల్లుడూ, ఆ నీలం డబ్బా ఏదీ?"

"భద్రంగా ఉందత్తయ్యా! సాయంత్రం చూద్దురుగాని" అన్నారు మాస్టారు లోపల్నుంచే.

అత్తగారి మొహం పాలిపోయింది. "ఒక్కసారి నా చేతికియ్యి నాయనా!"

"దుమ్ము తుడుస్తున్నానండీ!"

ఆవిడ తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. అత్తగారికి అనుమానం వచ్చిందని మాస్టారికి చెయ్యి వణికింది. ఆ వణుకు పెళ్లికూతురి ముక్కు మీద తేలింది. తల్లి ఆత్రం చూసి ముచ్చటపడిన భార్య ఇరుగుపొరుగునంతా పిలిచింది. అది చాలదన్నట్టు, ఆనాడు పెళ్లి సినిమా తీసిన తన మేనమామకి కబురు పెట్టి రప్పించి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆయన పెళ్లికొడుకులా బిగుసుకుపోయాడు.

బావమరిది ప్రొజెక్టరు తెచ్చి రీలెక్కించాడు. దీపాలార్పారు. గోడ మీద పెళ్లివారు ఎగురుకుంటూ వచ్చారు. మామగారి మీసం ఓసారి అత్తగారి మూతి మీదికి దూకి మళ్లీ వెనక్కి వెళ్లింది. ఆ పైన మామగారు పొట్ట ఊగిపోయేలా నవ్వారు.

మేనమామ లేచి నిలబడ్డాడు. "ఇది నేను తీసింది కాదు! నా దాంట్లో ఒక్క బొమ్మా రాలేదు కదా!"

అని నాలుక్కరుచుకున్నాడు. అత్తగారు తల పట్టుకుంది.

"వీడు కెమెరా మూత తీయడం మరిచిపోయాడే తల్లీ! రీలంతా నల్లగా వచ్చింది. నువ్వు బాధపడతావని, వీడి పరువు పోతుందని, ఎవరూ వెతకరని మీ అటక మీదే దాచిపెట్టాను. ఆ డబ్బా ఎత్తుకుపోదామనే ఇవాళ పరుగెత్తుకొచ్చాను."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. రీలు ముంచేముందు ఒక్కసారైనా వెలుతురులో పెట్టి చూడలేదని, బకెట్టు సంగతంతా తానే చెప్పేసుకున్నారు. భార్య తమ్ముణ్ని మళ్లీ వేయమంది.

"నాన్న అచ్చం ఇలాగే నవ్వేవారు" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మూడోసారి కూడా వేయించుకుని చూసింది. మాస్టారు పక్కన చేరి తీర్పు కోసం ఎదురుచూశారు.

"అన్నీ చక్కగా కుదిరాయి గానీ," అంది చివరికి, "పెళ్లినాటికి మీకు ఇంత జుట్టు లేదండీ."